చింతపండుకు కరిగిన పాములు

మంగళవారం రాత్రి, డేరా, దుబాయ్

"నేనెప్పుడు చెప్పినరా?" అని నిన్న కొట్లో మన మేనేజరు, ఆ ముదీర్ ముందు ఎట్లా అనగలిగావు, మల్లేశన్నా? "చింతపండు పెట్టి రుద్దు, ఇత్తడి చెంబు లెక్క మెరుస్తది" అన్నది నువ్వే కదా!

అది గవ్వ మీద చెక్కిన పాతకాలం లాకెట్టు. దాని మీద తలనిండా పాములున్న గ్రీకు రాక్షసి బొమ్మ. ఆమెను చూస్తే రాయైపోతారట. నీ మాట విని రుద్దితే పులుపుకు గవ్వ కరిగి పాములు పోయాయి. ఇప్పుడు ఎవరో మామూలు ఆడమనిషి నోరు తెరిచి ఏడుస్తున్నట్టుంది. నిన్న రాయైపోయింది నేనే.

"రేపు రాత్రికల్లా తప్పెవరిదో చెప్పండి, వాడి వీసా ఖలాస్" అన్నాడు ముదీర్.

నీకు ముగ్గురు పిల్లలు, తెలుసు. కానీ నేను ఇంటికి పోయి ఏం చేయాలి?

పక్క మంచంలో గోడవైపు తిరిగి పడుకున్నావు. నిద్రపోలేదని తెలుసు. ఇప్పుడైనా లేచి...

కింద ముదీర్ కారు హారన్, జవాబు కోసమే. పోవాలి.