ట్యూబు మీద నంబరు

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నేల మీద నడక మళ్ళీ అలవాటవుతోందని చదివి ప్రాణం లేచొచ్చింది. కానీ "నా రక్తం ట్యూబు మీద నంబరు చూశాను, చెప్పనా అక్కా?" అన్నచోట మాత్రం నెత్తిన మొట్టికాయ వెయ్యాలనిపించింది.

చెప్పకు.

అంతరిక్షం నుంచి దిగిన మీ నలుగురి రక్తమూ నా బల్ల మీదికే వస్తుంది. పేర్లుండవు, నంబర్లే. క్రోమోజోములకు రంగులు వేసి, రేడియేషన్‌కి విరిగి తప్పుగా అతుక్కున్నవి ఎన్నో మైక్రోస్కోపులో లెక్కపెడతాను. ఎర్రదాని కొసన పచ్చముక్క కనిపిస్తే ఒకటి. ఆ లెక్క మరీ ఎక్కువైతే ఆ మనిషిని ఇక పైకి పంపరు. నీకు మళ్ళీ వెళ్ళాలని ఎంత ఉందో నాకు తెలుసు.

చిన్నప్పుడు నీకు నూట రెండు జ్వరం. ఆటకి వెళ్తానని నువ్వు ఏడిస్తే, థర్మామీటరు నా చేతిలోనే ఉంది కదా అని, తొంభై తొమ్మిదేనని అమ్మకి చెప్పాను. సాయంత్రం నిన్ను మైదానం నుంచి భుజాన వేసుకొచ్చారు. ఆ అబద్ధం అమ్మకి ఇప్పటికీ తెలియదు.

నంబరు తెలిస్తే నా కళ్ళు మళ్ళీ అక్క కళ్ళయిపోతాయిరా. తెలియదు కాబట్టి నాలుగూ నీవే అనుకుని ఒక్కోటీ రెండేసిసార్లు చూస్తున్నాను. "ఇంత నిదానమైతే ఎలాగమ్మా?" అని మా మేడమ్ విసుక్కుంటోంది.

రిపోర్టు మీద సంతకం పడేదాకా ఆ నంబరు కడుపులోనే దాచుకో.

మీ అక్క

సూది ఏ చేతికి గుచ్చారు? నొప్పి తగ్గిందా? అది మాత్రం వెంటనే రాయి.