నోరు జారి చెప్పిన వయసు

శుక్రవారం, అబూ హమూర్

మధ్యాహ్నం మేడమ్ వాళ్లింటికి భోజనానికి వచ్చినావిడ ఘానా దేశంలో గవర్నమెంటు పెట్రోలు కంపెనీకి పెద్ద. అరవై రెండేళ్లట, నా ఈడే. ఆవిడకి కుర్చీ జరపడానికి సార్ పరుగెత్తారు. ఏడేళ్లుగా ఈ గల్ఫ్‌లో వీళ్లింట్లోనే వండుతున్నాను, నన్ను ఒక్కసారి కూర్చోమన్నవాళ్లు లేరు.

చేపల పులుసు వడ్డిస్తుంటే మేడమ్ మురిసిపోతూ, "చూడు రత్తమ్మా, ఈ వయసులో అంత కంపెనీని ఒంటిచేత్తో నడుపుతోంది!" అన్నారు.

నాకు కడుపు మండింది. "నాకూ అరవై రెండేనమ్మా. ఆవిడకి చెయ్యందించేవాళ్లు వందమంది ఉంటారు. ఈ వంటిల్లు నేనొక్కదాన్నే కదా ఈడ్చుకొస్తన్నాను!" అనేశాను.

మేడమ్ మొహం మారిపోయింది. "యాభై నాలుగన్నావు కదా?"

పాస్‌పోర్టులో ఏజెంటు వేయించిన వయసది. ముసలిదాన్నంటే పంపరని నేనూ నోరు మూసుకున్నాను. వచ్చే నెల వీసా రెన్యువల్ మేడమే చేయించాలి.

"రేపు మాట్లాడదాంలే," అన్నారు. ఏం మాట్లాడతారో, ఇంటికి పొమ్మంటారేమో...

వెళ్లేముందు ఆ ఘానా ఆవిడ ఇంకో ఐదేళ్లు కుర్చీ వదలనంది. అందరూ చప్పట్లు కొట్టారు. గిన్నెలు పట్టుకుని నేను అక్కడే నిలబడి ఉన్నాను.