బొట్టు పెట్టి పిలిచిన ఆట

అల్ఫారెట్టా, అమెరికా,
జూలై, ఆదివారం

అక్కకు, నీ చెల్లి వాణి నమస్కారాలు.

నేనిక్కడ బాగున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా, బావగారు ఊరగాయ మానేశారా, చిన్ని జలుబు వదిలిందా, అన్నీ విడివిడిగా రాయి. "అందరం కులాసా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు తృప్తి ఉండదు. ఇదంతా ఫోన్లో మాట్లాడొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నేను రెండో మాట అనేలోపు నువ్వు పది అంటావు. ఉత్తరం అయితే చివరిదాకా వినక తప్పదు.

మొన్న నువ్వు చెప్పిన సంగతే నాలుగు రోజులుగా నా బుర్రలో తిరుగుతోంది. చిన్ని పదో తరగతికి వచ్చి కూడా పుస్తకం పట్టకుండా స్కూలు ఖోఖో జట్టు వెంట తిరుగుతోందన్నావు. "ఆడేదైనా కాదే! బోర్డులు రాయడం, మైకు పట్టుకోవడం, ఊరంతా చెప్పుకు రావడం. నా కడుపున పుట్టి అచ్చం నీలాగే తయారైంది. ఆటలు కూడు పెడతాయా? నువ్వే దానికి గట్టిగా నాలుగు చివాట్లు రాయి" అన్నావు. రాద్దామనే కూర్చున్నాను అక్కా. కానీ నాకు కూడు పెడుతున్నది అదే పనని గుర్తొచ్చి కలం ఆగిపోయింది.

నేను ఇక్కడ ఏం చేస్తున్నానో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మేనేజ్‌మెంట్ చదివానంటే చాలనుకున్నాను. మా ఆఫీసు గంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి బేస్‌బాల్ జట్టుది. బేస్‌బాల్ అంటే మన క్రికెట్‌కు దూరపు చుట్టం. ఆడేవాళ్లు ఆడతారు. చూసేవాళ్లను తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టడం మా పని. దీన్ని స్పోర్ట్స్ మార్కెటింగ్ అంటారు. కూటి కోసం కోటి విద్యలు అంటారు కదా, ఇది కోటిన్నొకటోది అనుకో.

ఇక్కడ ఎండలు మన చీరాలను గుర్తుచేస్తున్నాయి. అదే ఉక్కపోత. కాకపోతే రోజూ సాయంత్రం ఉరుములతో వాన పడుతుంది, ఆట ఆగుతుంది, మైదానం మీద పట్టా కప్పడానికి అందరం పరుగెత్తాలి. తిండికి లోటు లేదు. ఒక్కదాన్నే తినడమే బాగుండదు. పప్పు వండుకుంటే మూడు రోజులు అదే పప్పు.

నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. జూన్‌లో మా బాస్ లిండా పిలిచి చెప్పింది. యాభై దాటిన మనిషి, మాట కరుకే కానీ న్యాయం తెలిసినావిడ. "మీవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ మా మ్యాచ్‌కు రారు. నెలాఖరు శనివారం ఫ్యామిలీ డేకి ఎడమ వైపు గ్యాలరీ నింపు. నిన్ను ఉంచాలో వద్దో దాన్నిబట్టి చూద్దాం" అంది. ఆవిడ వద్దంటే నా వీసా కూడా వద్దన్నట్టే. సర్దుకుని వచ్చేయడమే.

ఈమెయిల్స్ పంపాను. ఇండియన్ గ్రాసరీ షాపు గోడకు కాగితాలు అంటించాను. వారం గడిచినా అమ్ముడైనవి పదకొండు టికెట్లు, వాటిలో మూడు నేనే కొన్నాను. ఒక సాయంత్రం అపార్ట్‌మెంట్ మెట్ల మీద దిగాలుగా కూర్చున్నాను. పక్క బ్లాకులో ఉండే సుశీల ఆంటీ కనిపించింది. గుంటూరు నుంచి కూతురి దగ్గరికి ఆరు నెలలకని వచ్చిందావిడ.

"మ్యాచ్ సంగతి మీకు ఎవరూ చెప్పలేదా ఆంటీ?" అని అడిగాను.

"మా అల్లుడికి ఏదో మెయిలొచ్చిందటమ్మా. వాళ్లకు తీరికేదీ? మాకా, తీరిక తప్ప ఇంకేం లేదు. మమ్మల్ని పిలిచేదెవరు?"

అప్పుడు నాకు మన హైస్కూలు గుర్తొచ్చింది. నువ్వు పదో తరగతి, నేను ఎనిమిది. నువ్వు ఖోఖో కెప్టెన్‌వి. నేను పరుగెడితే నా కాలికి నా కాలే అడ్డం పడేది, అందుకని డ్రిల్లు మాస్టారు నా చేతికి సుద్దముక్క ఇచ్చి బోర్డు దగ్గర నిలబెట్టారు. మగపిల్లల క్రికెట్‌కు ఊరంతా వచ్చేది. మీ ఆటకు నేనూ, కిటికీలోంచి ప్యూనూ. ఫైనల్ మన గ్రౌండ్‌లోనే అని తెలిశాక నాకు పట్టుదల వచ్చింది. సోడాకొట్టు ఆయన పేరు స్కోరుబోర్డు మీద పెద్దక్షరాలతో రాస్తానని చెప్పి ఆయనతోనే షామియానా వేయించాను. తర్వాత అమ్మ కుంకుమభరిణ తీసుకుని పదకొండిళ్లు తిరిగాను.

అమ్మ మాత్రం, "ఆడపిల్లలు గంతులేస్తుంటే చూడ్డానికి నేనెందుకే రావడం?" అంది గుర్తుందా? అప్పుడు నేను బయటికి వెళ్లి, మళ్లీ మన గుమ్మంలోకే, అది పన్నెండో ఇల్లన్నట్టు, పరాయిదానిలా వచ్చి, అమ్మ నుదుట బొట్టు పెట్టి, "రేపు సాయంత్రం నాలుగింటికి మా అక్క ఆట. తప్పకుండా రావాలండీ" అన్నాను. అమ్మ నవ్వాపుకోలేకపోయింది. మర్నాడు మంచి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

ఇక్కడా అదే చేశాను. నాలుగు రోజులు, ఆఫీసు అయ్యాక, తలుపు తలుపూ తట్టి ఆంటీలందరికీ బొట్టు పెట్టాను. "బొట్టు పెట్టి పిలిచాక రాకపోతే ఎలా? వస్తాం" అన్నారు. నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను.

శనివారం అందరూ వచ్చారు అక్కా! పట్టుచీరలు, మల్లెపూలు, వెనకాల అంకుల్స్, మనవలు. ఒక్కరి చేతిలోనూ టికెట్ లేదు. గేటు దగ్గర కుర్రాడు అడిగితే సుశీల ఆంటీ నా వైపు తిరిగింది.

"ఇదేంటమ్మాయ్? బొట్టు పెట్టి పిలిచి గుమ్మంలో టికెట్ అడుగుతావా?"

వెనక నుంచి ఇంకో ఆంటీ, "భోజనాలు ముందా, ఆట ముందా?" అంది.

తప్పు నాదే. బొట్టు పెట్టి పిలిస్తే వాళ్లు మన అతిథులు. స్కూల్లో టికెట్ లేదు కాబట్టి సరిపోయింది, ఇక్కడ ఆ సంగతే మర్చిపోయాను. లిండా దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆవిడ గేటు వైపు చూసి, "లోపలికి పంపు. ఆ కుర్చీలు ఎలాగూ ఖాళీ. కానీ ఇంకోసారి నాకు ముందు చెప్పి పిలువు" అంది.

ఆట సగం అర్థమైందో లేదో కానీ చప్పట్లు మాత్రం ఎడమ గ్యాలరీ నుంచే ఎక్కువ వినిపించాయి. వెళ్తూ సుశీల ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "ఈ దేశమొచ్చాక నన్ను నన్నుగా రమ్మన్నది నువ్వేనమ్మా. దారి తెలిసిందిగా, ఇక పిలవక్కర్లేదు. ఈసారి మేమే కొనుక్కుని వస్తాం" అంది. మాట నిలబెట్టుకుంది. తర్వాతి రెండు మ్యాచ్‌లకు అల్లుణ్ని, వాళ్ల ఆఫీసు వాళ్లనూ కూడా టికెట్లతో లాక్కొచ్చింది.

శుక్రవారం లిండా నా గదికి వచ్చింది. వచ్చే సీజన్‌కూ ఉండమంది. "ఈ పని ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది. రెండేళ్లు చదివిన కాలేజీ పేరు చెప్పాలి కదా. నా నోట మా హైస్కూలు అనే వచ్చింది. సోడాకొట్టు కథ చెబితే "దాన్నే స్పాన్సర్‌షిప్ అంటారు" అని నవ్వింది. "నీ మొదటి కస్టమర్ ఎవరు?" అంది. మా అమ్మ అన్నాను.

ఆ రోజు ఫైనల్లో మీరు ఒక్క పాయింటుతో ఓడిపోయారు. నువ్వు ఏడుస్తుంటే, గంతులని వెక్కిరించిన అమ్మే నీ మోకాలికి పసుపు అద్దుతూ, "బాగా ఆడావే" అంది. ఆ మాట కోసమే నేను పదకొండిళ్లు తిరిగానని నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

చిన్నిని చదువు మానమని నేననను. లెక్కలు రోజూ చేయమని దానికి వేరే కాగితం రాస్తున్నాను, చివాట్లు కూడా ఉన్నాయి, బెంగపడకు. బోర్డు మాత్రం లాక్కోకు.

అమ్మకు నా పాదాభివందనాలు, బావగారికి నమస్కారాలు. ఎవరైనా ఇటు వస్తుంటే రెండు కట్టలు అప్పడాలు పంపు. నన్ను దీవించు.

ఈ కవర్లో చిన్న కుంకుమ పొట్లం ఉంది, చూసుకో. నా చేత్తో పెట్టాననుకుని పెట్టుకో. ఆగస్టు పదిహేనున చిన్ని వాళ్ల స్కూల్లో ఆటలు. అమ్మను కూడా తీసుకుని తప్పకుండా రావాలండీ. ముందు వరసలో కూర్చోవాలి.

ఇట్లు,
పన్నెండో ఇంటి గుమ్మంలో మళ్లీ నిలబడ్డ
నీ చెల్లి
వాణి