తాయమ్మ పోగులు అతికిన రోజులు

జూన్ 11, 1957. ఆదోని ఆస్పత్రి

ఎమ్మిగనూరు నుంచి కాలిన కేసు వచ్చింది. పేరు తాయమ్మ. ఇరవై రెండేళ్లుంటాయి. మగ్గం నేసే ఇల్లు. నూలుకు గంజి కాస్తుంటే కుండ ఒరిగి, కుడిచేయి మోచేతిదాకా కాలిందట. వెంట అత్త మద్దమ్మ. ఆవిడ చంకలో తాయమ్మ కూతురు, ఆరు నెలల పాప.

జూన్ 14

డ్రెస్సింగ్ మార్చడానికి నలుగురం పట్టుకోవలసి వచ్చింది. తాయమ్మ గుండె బలహీనం, రోజూ మత్తు ఇవ్వడానికి లేదన్నారు డాక్టరుగారు. వేళ్లు రోజూ వంచకపోతే అలాగే బిగుసుకుపోతాయి. "సచ్చిపోతాను గానీ ఆ పళ్లెం నా దగ్గరికి తేవద్దు నర్సమ్మా" అంది.

పదేళ్ల సర్వీసు నాది. గట్టిగా పట్టుకోవడం తప్ప ఏమీ నేర్చుకోలేదు.

జూన్ 16

డాక్టరుగారు మద్రాసులో హిప్నటిజం చదివారట. జేబుగడియారం ఆమె కళ్ల ముందు ఊపుతూ, నిద్ర వస్తోంది, నిద్ర వస్తోంది అన్నారు. తాయమ్మ కాసేపు చూసి, "టైమెంతాయె సారూ? పాపకు పాలియ్యల్ల" అంది. నాకు నవ్వాగలేదు. పాపం, ఆయనా నవ్వేశారు.

జూన్ 17, మధ్యాహ్నం

డ్రెస్సింగ్ ట్రే లేకుండా ఊరికే వెళ్లి పక్కన కూర్చున్నాను. ఇంట్లో నీ పనేమిటని అడిగాను. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు దారాలు, అయిపోతే, కొత్త పడుగు పోగులు దానికి అతకడమట. "ఈ పోగూ ఆ పోగూ పక్కన పెట్టుకోని, బూడిద అద్దుకోని, ఇట్ల తిప్పల్ల" అంటూ ఎడమచేతి వేళ్లు కదిలించింది. ఒక్కొక్కటే అతుకు, నేను చూస్తానన్నాను.

మాటలు తగ్గాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం నా మీద లేదు. ఊపిరి నెమ్మదించింది. చెంప మీద ఈగ వాలితే తోలుకోలేదు.

పరుగెత్తి డాక్టరుగారికి చెప్పాను. ట్రాన్స్ అంటే అదేనన్నారు. నిద్ర కాదట. మనసంతా ఒక్కచోట చేరితే మిగతావన్నీ దూరం జరుగుతాయట. బలవంతంగా ఎవరినీ అక్కడికి పంపలేమట.

జూన్ 18

ఆమె మనసులో పోగులు అతుకుతుండగా కట్టు విప్పాను. ఎవరూ పట్టుకోలేదు. నొప్పి ఉండింది గానీ పక్కింట్లో ఉన్నట్టు ఉండిందని తర్వాత చెప్పింది.

జూన్ 22

తొందరపడ్డాను. వార్డు నిండా జ్వరాలు. నిలబడే, పోగులు అతకమని అవే మాటలు అప్పజెప్పి గుడ్డ లాగాను. ఆమె అరుపు గేటుదాకా వినిపించింది. "ఈపొద్దు నువ్వు నా దగ్గర లేవు" అని గోడవైపు తిరిగి పడుకుంది. నిజమే.

మద్దమ్మ మూట కట్టేసింది. కోడలికి నేనేదో మందు పెట్టినానట, అందుకే చూపు మారుతోందట. "ఊరికి తోడుకోని పోతాను" అంది. ఇప్పుడు తీసుకెళితే ఆ చేయి ఇక పనికిరాదు.

జూన్ 23

మద్దమ్మ వెళ్లలేదు. బస్సు తప్పిందంది. నా పక్కనే కూర్చోమన్నాను, చెడ్డపనైతే నీ కళ్లతోనే చూడమన్నాను. తాయమ్మను క్షమించమని అడిగాను. ఆమె సరేననేదాకా ట్రే ముట్టలేదు.

మొదలుపెట్టాను. ఒక పోగు తర్వాత ఏమనాలో తోచక ఆగిపోయాను. మద్దమ్మ అందుకుంది. "నిదానంగా తల్లీ. తెగితే తెగనీ, మల్లా అతుకుదాం." ఇంట్లో ఆవిడ అలాగే అంటుందట. ఆ గొంతు వినగానే తాయమ్మ భుజాలు వదులయ్యాయి. నేను వేళ్లు ఒక్కొక్కటే వంచాను. మద్దమ్మ కళ్లనీళ్లు ధార కడుతున్నాయి. మాట మాత్రం తొణకలేదు.

జులై 9

ఇప్పుడు మాటలు మద్దమ్మవే. కట్టు ఒక్కటే నాది.

ఆగస్టు 3

డిశ్చార్జి. చిటికెనవేలు వంగదు. తక్కినవి వంగుతాయి. వరండాలో పాపను రెండు చేతులా ఎత్తుకుంది. నేను స్టోర్ రూములోకి వెళ్లి ఏడ్చాను.

నవంబరు 17, ఎమ్మిగనూరు

ఆదివారం. తాయమ్మ ఇంటికెళ్లాను. మగ్గం ముందు కూర్చుని పోగులు అతుకుతోంది. పిలుద్దామని గుమ్మంలో నిలబడి, ఆ వేళ్లనే చూస్తుండిపోయాను. అప్పుడు ఎండ గడప మీద ఉంది. మద్దమ్మ నా భుజం తట్టేసరికి ఎండ గోడెక్కింది.