సింగడి పథ్యం

వాకాడు పశువుల ఆసుపత్రి.

గౌరవనీయులైన పద్మనాభయ్య గారికి, పశువైద్యురాలు ఫర్జానా నమస్కారాలు.

ఫోన్లో చెబితే "మాట గాలికి పోతాది, కాయితం మీద రాయి తల్లీ" అంటారని ఈ ఉత్తరం పాల ఆటో చెంగయ్య చేత పంపుతున్నాను. ఇంగ్లండులో ఒక యూనివర్సిటీ విదేశీ పశువైద్యులకు కుక్కలు, పిల్లుల వైద్యంలో పీజీ చదువు చెబుతోంది. ఇక్కడ గేదెలు చూసుకుంటూనే నేను అది చదువుతున్నాను. ఇక మిగిలింది ఒక్క పరీక్షే. లావెక్కిన కుక్కను పథ్యంతో సన్నబరిచి ఆ వివరాలు పంపాలి. ఇది తప్పితే ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే. ఈ మండలంలో మీ సింగడంత లావు కుక్క నాకు కనబడలేదు. కాదనకండి.

మీ శ్రీమతి వెంకటశేషమ్మ గారికి పథ్యం చీటీ జతచేశాను. కొర్రన్నం, ఉడికించిన సొరకాయ, చర్మం తీసిన కోడిముక్క. ఉప్పు, నూనె, ఉల్లి, వెల్లుల్లి వద్దు.

ఇట్లు,
ఫర్జానా

తా.క. ఆదివారాలు రొయ్యల కాటా మీద తూకం వేయిద్దాం. కాటా వాళ్ళు ఒప్పుకున్నారు. కిలోకి ఎన్ని సింగళ్ళు తూగుతారని అడిగి నవ్వారు.

❖

డాక్టరమ్మకు పద్మనాభయ్య ఆశీర్వదించి రాయునది.

మీ ఉత్తరం చూసి మనసు చివుక్కుమంది. నా కుక్క బక్కచిక్కితే "పద్మనాభయ్య ఇంట్లో కూటికి గతిలేదా" అని ఊరు అడగదా? అయినా మా గేదె ఈనలేక పడిపోయిన రోజు మీరు బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. అది నేను మరవను. సింగణ్ణి మీ చదువుకి అప్పగించినాను. మా ఆడమనిషి మీ చీటీని కళ్ళకద్దుకుని దేవుడి పటం పక్కన పెట్టింది. నెల్లూరు డాక్టరు నా షుగరుకి రాసిన చీటీ అయితే నేనే చింపేసినాను. తిండి మానే వయసా ఇది?

ఇట్లు,
పద్మనాభయ్య

తా.క. సింగడి మొహం చూడలేక నేను కూడా నిన్న రొయ్యల వేపుడు మానేసినాను. రెండోసారి వడ్డించుకోలేదు, అంతే.

❖

పద్మనాభయ్య గారికి నమస్కారాలు.

ప్రతి ఆదివారం చూస్తున్నాను. సింగడు తగ్గకపోగా పెరుగుతున్నాడు. వీధిలో ఎవరో పెడుతున్నారు. దయచేసి కట్టేయండి. గడువు ముంచుకొస్తోంది. కుక్క తగ్గాలి, లేదా ఎందుకు తగ్గలేదో రుజువుతో చూపాలి. రెండూ లేకుంటే నేను తప్పినట్టే. నిజంగా భయంగా ఉంది.

ఇట్లు,
ఫర్జానా

తా.క. మొన్న నా చెయ్యి నాకాడు. చేపల పులుసు వాసన వచ్చింది. మీ ఇంటివైపు వేలెత్తి చూపడం లేదు.

❖

డాక్టరమ్మా,

లేదంటూనే వేలెత్తారు. మా ఇంట్లో సింగడికి పడేది మీ పథ్యమే. నా భార్య అబద్ధమాడదు. మీ మాట పట్టుకుని ఎదురింటి పేరమ్మను నిలదీసినాను. "నా మొగుడికే చేప తలకాయ దొరకదు, నీ కుక్కకి పెడతానా?" అని దుమ్మెత్తిపోసింది. ఇప్పుడు రెండిళ్ళకీ మాటల్లేవు. కట్టేసినా కుక్క లావెక్కుతోంది. తప్పు మీ చదువులో ఉందేమో ఆ దొరలనే అడగండి. ఈ దిగులుకి నాకు ఏం తిన్నా చప్పగా ఉంది. అన్నం కూడా పచ్చగా కనిపిస్తోంది. అడిగితే వెంకటశేషమ్మ "కొత్త రకం బియ్యం, తినండి" అంటా ఉంది.

ఇట్లు,
పద్మనాభయ్య

తా.క. పంచె నడుం మీద నిలవక బెల్టు కొన్నాను. నా ఉసురు మీకే తగులుతుంది.

❖

చిరంజీవి ఫర్జానాకు వెంకటశేషమ్మ దీవెనలు.

ఆయన నెల్లూరు డాక్టరు దగ్గరికి పోయినాడు, అందుకే ఈ సందులో రాస్తున్నాను. నీ చీటీలో ఒక్క అక్షరం తప్పలేదమ్మా. కంచాలు మార్చినాను, అంతే. సింగడిది ఆయనకి, ఆయనది సింగడికి. కుక్కకోసం కొర్రలు వండుతుంటే ఆయన అడగడు గదా! షుగరుకి వాళ్ళన్న కాలు తీసేసినప్పట్నుంచి నాకు కంటిమీద కునుకులేదు. ఎంత బతిమాలినా వినలేదు. ఫోనంటే పడని మనిషి ఇప్పుడే ఫోన్ చేసి, "చూసినావా, పథ్యం లేకనే షుగరు దిగింది" అని మురిసిపోయినాడు. నేను ఏడ్చినాను. నా వల్ల నీ చదువు పోకూడదు. ఉన్నదున్నట్టు రాసి పంపు. పేరమ్మ కాళ్ళు నేను పట్టుకుంటాను.

ఇట్లు,
వెంకటశేషమ్మ

తా.క. పుట్టిందగ్గర్నుంచి వరి పండించే మనిషి కొర్రన్నాన్ని కొత్త బియ్యమంటే నమ్మినాడా, నమ్మినట్టు నటించినాడా? నాకింకా అనుమానమే.

❖

అమ్మా, నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత నవ్వు ఆగలేదు. మీరు చెప్పినట్టే ఉన్నదున్నట్టు రాసి పంపాను. కుక్క ఎందుకు తగ్గలేదో రుజువైంది కాబట్టి పాసయ్యాను! ఇకనుంచి ఇద్దరికీ ఒకే వంట పెట్టండి.

మార్కుల కింద మా టీచరమ్మ మీకోసం విడిగా ఒక ముక్క రాశారు. ఆవిడ భర్తకూ షుగరేనట. మాట వినడట. ఇంట్లో ఒక లావుపాటి కుక్క కూడా ఉందట.

ఇట్లు, మీ
ఫర్జానా

తా.క. ఆవిడ రేపట్నుంచే కంచాలు మార్చడం మొదలుపెడుతున్నారు. భర్త ఉప్పేదని అడిగితే ఏం చెప్పాలో మిమ్మల్ని కనుక్కుని వెంటనే రాయమన్నారు.