పగులు ఎటు పోతుంది

జూన్ 2

కొత్త గది ఇచ్చారు. కిటికీ లేదు. ఒక కంప్యూటర్, ఒక కుర్చీ, గోడకు నా ప్లేటు బొమ్మ. ఉక్కు ప్లేటును ఎర్రగా కాల్చి, గన్‌తో ఒక దిమ్మను విసిరి కొడితే అది ఎలా వంగుతుందో, ఎక్కడ పగులుతుందో కొట్టకముందే లెక్క కట్టి చెప్పాలి. అదే నా పని. లోహం ముందు లొంగుతుంది, తర్వాత సాగుతుంది, ఆఖరికి తెగుతుంది. ఈ మూడు మాటలూ వరసగా రాసి చూసుకున్నాను. ఎంత బాగున్నాయో!

జూన్ 5

అక్క ఫోన్ చేసింది. అక్కడ ఏం వెలగబెడుతున్నావే అంది. ఉక్కు విరగ్గొడుతున్నానన్నాను. చిన్నప్పుడు కప్పు పగలగొడితే వీపు విమానం మోత మోగేది, ఇప్పుడు దానికి స్కాలర్‌షిప్ కూడానా అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక గదిలో ఫ్యాన్ చప్పుడు మరీ పెద్దదైపోయింది.

జూన్ 9, మధ్యాహ్నం 3

కంప్యూటర్లో లెక్క రన్ అయిపోయింది. పగులు వచ్చింది! ప్లేటు నడిమి నుంచి కుడి అంచుదాకా, స్కేలు పెట్టి గీసినట్టు. మా గైడ్ సార్ చూసి, ఇన్నాళ్లకు మన ల్యాబ్‌లో ఒక శుభ్రమైన బొమ్మ అన్నారు. పదహారున నిజం ప్లేటును కొట్టే టెస్టు. ఈ రకం ఉక్కులో మిగిలింది ఒక్క ప్లేటే కాబట్టి కెమెరాను సరిగ్గా బొమ్మలో పగులు వచ్చిన చోటే, దగ్గరగా పెట్టమన్నారు. పొడుగన్న నన్ను టీకి రమ్మన్నాడు. అతను మా సీనియర్, కెమెరా పని అతనిదే. పిలవడం ఇదే మొదలు.

జూన్ 11

టీ దగ్గర పొడుగన్న, ఇంత బుద్ధిమంతురాలైన పగులును నా జన్మలో చూడలేదు తల్లీ, బడికి పోతున్నట్టు తిన్నగా పోతోంది అన్నాడు. అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

జూన్ 12

పగులుకు బుద్ధి ఎందుకుంటుంది?

జూన్ 13

కంప్యూటర్లో ప్లేటును చిన్న చిన్న గళ్లుగా కోస్తాం. దాన్నే మెష్ అంటాం. ఇవాళ మిగతావేవీ ముట్టుకోకుండా గళ్లను మాత్రం ఏటవాలుగా తిప్పి మళ్లీ రన్ చేశాను. పగులూ ఏటవాలుగా తిరిగింది. ఇంకో వైపు తిప్పాను. అటూ తిరిగింది.

అది ఉక్కు ఎంచుకున్న దారి కాదు. నేను గీసిన గీతల వెంట పోయిందంతే.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ బొమ్మను సార్ కాన్ఫరెన్స్ పోస్టర్‌కు కూడా ఇచ్చేశారు. కానీ కెమెరా ఒక చోట, పగులు ఇంకో చోట అయితే ఒక్కగానొక్క ప్లేటు వృథా అయిపోతుంది. చెబితే టీకి మళ్లీ ఎవరు పిలుస్తారు? సిగ్గులేని ప్రశ్న. కానీ ముందు వచ్చింది అదే.

జూన్ 14

చెప్పేశాను. మూడు బొమ్మలూ పక్కపక్కన పెట్టాను. సార్ మూడింటినీ చూసి, మరి ఎక్కడ పగులుతుందమ్మా అని అడిగారు. తెలియదన్నాను. కెమెరాను వెనక్కి జరిపితే ప్లేటంతా కనబడుతుందన్నాను. అప్పుడు పగులు వెంట్రుకంత కనిపిస్తుంది, దాంతో ఏం కొలుస్తావు అన్నారు. వెంట్రుకంతయినా కనిపిస్తుంది కదా సార్ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. సరే, నీ మాట మీదే జరుపుతున్నాం, గుర్తుపెట్టుకో అన్నారు.

ఈ ఐదు రోజులూ కెమెరా సర్దింది పొడుగన్నే. టెస్టుకు రెండు రోజుల ముందా నీకు జ్ఞానోదయం అయ్యేది అన్నాడు. నవ్వకుండా.

జూన్ 15

టీకి ఎవరూ పిలవలేదు.

జూన్ 16, ఉదయం 11

కొట్టారు. ఒకే దెబ్బ. పగులు నడిమి నుంచి రానేలేదు. ఎడమ అంచు దగ్గర పుట్టి, మెలికలు తిరిగి, రెండుగా చీలి ఆగిపోయింది. నా మూడు బొమ్మల్లో ఒక్కదానిలోనూ అది లేదు. ఫొటోలో నిజంగానే వెంట్రుకంత ఉంది. కెమెరా పాత చోటే ఉండి ఉంటే ఖాళీ ఉక్కు తప్ప ఏమీ పడేది కాదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. సార్ పోస్టర్ ఆపమని ఫోన్‌లో చెప్పి, కొత్త మెష్ మొదలుపెట్టు అన్నారు. పొడుగన్న కెమెరా విప్పుకుని వెళ్లిపోయాడు.

జూన్ 17

ప్లేటును నా బల్ల మీద పెట్టి వెళ్లారు. చల్లగా ఉంది. చీలిన చోట వేలు పెట్టాను. ఇక్కడే ఎందుకు పగిలావే అని అడిగాను. పైకే.

ఇవాళ నోరు తెరిచి మాట్లాడింది అదొక్కటే.