లెక్కల సార్ చూపు

బుధవారం రాత్రి. రేపే బడి తెరుస్తారు.

ఆరో తరగతిలో కొత్తగా చేరే పిల్లలకు బడి ఎలా ఉంటుందో చెప్పమని టీచర్ ఒకరోజు ముందే, ఈరోజు మా ఎనిమిదో తరగతి వాళ్లను పిలిచారు. నా వంతు వచ్చేసరికి, "లెక్కల సార్ చూపు ఆటోనగర్‌లో వెల్డింగ్ మంట లాంటిది. నేరుగా చూస్తే కళ్లు పోతాయి" అన్నాను. ఆ పోలిక పొద్దుటి నుంచీ నోట్లో ఊరుతూ ఉంది. అందరూ పడీపడీ నవ్వారు. ఆరులో చేరబోయే మా పక్కింటి కీర్తన మాత్రం నవ్వలేదు.

సాయంత్రం వాళ్లమ్మ వచ్చింది.

"బడికి పోనంటోందే తల్లీ. కొత్త బూట్లు తొడుక్కుని కూడా చూడలేదు. నీ మాటయితే వింటుంది, ఒక్కసారి రా."

వెళ్లాను. కీర్తన మంచం మీద ముడుచుకుని కూర్చుంది.

"అక్కా, లెక్క తప్పితే సార్ నిజంగా అలా చూస్తారా?"

ఊరికే అన్నానంటే సరిపోయేది. అంతమంది మెచ్చిన మాట ఉత్తదని ఒప్పుకోబుద్ధి కాలేదు. "అదే అలవాటవుతుందిలే" అన్నాను. అది ఏడుపు లంకించుకుంది. వాళ్లమ్మ మాత్రం "మంచిపిల్లవమ్మా, వచ్చావు" అంటూ నాకు మామిడిపండు కోసిపెట్టింది. ముక్క ముట్టకుండానే వచ్చేశాను.

నిరుడు నేను క్యారేజీ మరిచిపోయిన రోజు తన పెరుగన్నంలో సగం పెట్టింది ఆ సారే. పొద్దున ఆ సంగతీ గుర్తొచ్చింది. దానికి అందమైన మాట దొరకలేదని వదిలేశాను.

రేపు బస్సు వచ్చేలోపే వెళ్లి కీర్తనకు చెప్పాలి, ఏ పోలికా లేకుండా. వెల్డింగ్ మంటను నమ్మినంత తేలిగ్గా పెరుగన్నాన్ని నమ్ముతుందా?